బొమ్మల పండగలో నేనన్న మాట

నర్సీపట్నం,
ఆదివారం.

అన్నయ్యకు,

ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. మా జపాన్ స్నేహ సంఘంలో జపాను వాళ్ల బొమ్మల పండగకని నువ్వు ఏటికొప్పాక నుంచి రాజు, రాణి లక్క బొమ్మలు చేసి తెచ్చావు. అతిథిగా వచ్చిన జపాను ఆవిడ వాటిని చేతుల్లోకి తీసుకుని, ఎవరు చేశారని అడిగింది. మాసిన చొక్కాతో గుమ్మంలో నిలబడ్డ నిన్ను చూసి, "మాకు తెలిసిన పనివాడు" అనేశాను.

ఆ మాట ఆవిడకి జపాను భాషలో చెప్పాల్సిన మా సత్యశ్రీ, "మావయ్యని పనివాడన్నావేటమ్మా?" అంది మెల్లగా.

భోజనం చేసి వెళ్లమంటే, "పనుందండీ, బేగి ఎల్లాల" అన్నావు. నువ్వు నన్ను అండీ అనడం అదే మొదటిసారి.

ఇవాళ సంఘంలో లేచి, ఆ బొమ్మలు చేసినాయన మా సొంత అన్నయ్య అని చెప్పాను. ఆవిడ అప్పటికే వాళ్ల దేశం వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నాకు ఇంకా సిగ్గేసింది.

నీ చెల్లెలు