లీలక్క చెప్పిన ముగింపులు

గౌలిపుర,
మార్చి 19, బుధవారం.

ప్రియమైన లీలక్కకు,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. ఇవాళ నీ మీద నాకు ఉన్నది రోత. ఫోన్ చేస్తే నీకు వినబడదు. చెవి మిషను పెట్టుకోవు. ఏం చెప్పినా "ఆఁ, మంచిదే" అంటావు. ఈ విషయానికి ఆ జవాబు నాకు వద్దు. అందుకే రాస్తున్నాను.

నా మనవరాలు హరిచందన అత్తగారింటి నుంచి వచ్చి ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు. మొగుడు అంజన్ ఆమె మీద రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. ల్యాబ్‌లో ఉద్యోగం మానమంటే మానలేదట, అదీ కారణం. తల్లీ తండ్రీ లేని పిల్ల, ఏం చెప్పాలన్నా నేనే చెప్పాలి. వచ్చిన రోజు నుంచి నాకు నిద్ర లేదు, తిన్నది అరగడం లేదు. ధైర్యం కోసం మధ్యాహ్నాలు టీవీలో పాత సినిమాలు పెట్టుకుని కూర్చుంటున్నాను. మొదటి వారం నిజంగానే ప్రాణం కుదుటపడింది. ఆ తెలుపు నలుపు ముఖాలు, తొందర లేని నడకలు, ఒక్కో మాటా విడివిడిగా వినబడే తెలుగు. తెర మీది వాళ్ళ కష్టాల ముందు నా కష్టం చిన్నదనిపించింది. అయితే ఆ వారం నేను ఏదీ చివరిదాకా చూడలేదు. పాత అలవాటు, ఇంకో అరగంట ఉందనగా దానంతటదే కాలు లేచేది.

మనం మాట్నీకి వెళ్ళి ఏనాడైనా సినిమా పూర్తిగా చూశామా? అయిదింటికి బర్రెలు పితకాలి. ఆలోగా రాకపోతే అత్తమ్మ మళ్ళీ గడప దాటనివ్వదు. నాలుగూ నలభైకి ఆడవాళ్ళ జనానా క్లాసు పక్క తలుపు తోసుకుని, చీకట్లో నలుగురి కాళ్ళు తొక్కి, తిట్లు తిని బయటపడేవాళ్ళం. మర్నాడు నువ్వు గేటు దగ్గర టికెట్లు చింపే కమలను అడిగి వచ్చి, పాల బిందెలు తోముతూ నాకు ముగింపు చెప్పేదానివి.

రెండో వారం నుంచి పంతం పట్టి చివరిదాకా కూర్చున్నాను. మనం ఆ రోజుల్లో చూసినవి తొమ్మిది వచ్చాయి. నువ్వు చెప్పిన ముగింపు తొమ్మిదింటిలో ఒక్కదానికీ లేదు. ఏడింటిలో భార్య మొగుడి కాళ్ళ మీద పడింది. రెండింటిలో చచ్చిపోయింది, అదీ కాళ్ళు పట్టుకునే చచ్చింది. వెనక సన్నాయి.

పంతులమ్మ కథ ఒకటి ఉండేది, అది నువ్వు మరిచిపోయి ఉండవు. మొగుడు ఉద్యోగం మానమంటాడు. చివర్లో ఆయనే వానలో గొడుగు పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాడని నువ్వు చెప్పావు. నేను చూసింది వేరు. ఆమె రాజీనామా కాగితాన్ని పసుపు కుంకుమలతో పాటు పళ్ళెంలో పెట్టి ఆయన పాదాల దగ్గర ఉంచింది. ఆయన చిరునవ్వు నవ్వి దీవించాడు. టీవీ మీద ఉమ్మాలనిపించింది.

1976 జూన్‌లో నీ మరిది నన్ను బడి ఉద్యోగం మానమన్నప్పుడు, ఆ గొడుగును నమ్ముకునే నేను మాననన్నాను. ఆయన పద్నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. నేను ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. లేని గొడుగును చూసుకుని సంసారం మీద పందెం కాశానా అక్కా? నాకు కలిసొచ్చింది కాబట్టి సరిపోయింది. ఈ పిల్లకు కలిసొస్తుందని నేనెలా పూచీ పడను? ఆదివారం అత్తగారింటివాళ్ళు వస్తున్నారు, పంపిస్తానని మాట ఇచ్చాను. "పోయి సర్దుకో" అని హరిచందనకు చెప్పాను. ఆమె పళ్ళెం కడిగి బోర్లించి లోపలికి పోయింది. నా నోట వచ్చిన ఆ మాట తలుచుకుంటే నాకే వాంతి వస్తున్నది.

ఎందుకు అబద్ధాలు చెప్పావో రాయి.

నీ తోడికోడలు,
రాజమణి


గౌలిపుర,
మార్చి 24, సోమవారం.

లీలక్కా,

శుక్రవారం నువ్వు పురానాపూల్ నుంచి ఆటోలో వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో అరిచిన అరుపులు గల్లీ మొత్తం విన్నది. నేను చెప్పినదాంట్లో సగం నీకు వినబడలేదు. కాబట్టి మళ్ళీ రాయవలసి వచ్చింది.

నువ్వన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కమల ఉన్నదున్నట్టే చెప్పింది. ఇని నాకు రోత పుట్టింది. గా రోత తెచ్చి నీకెందుకు పుయ్యాలె అని మార్చి చెప్పిన. ఏం, పాపం జేసిన్నా?"

"మరి నా పద్నాలుగు నెలల సంగతి?" అని నీ చెవి దగ్గర అరిచాను.

"అవ్, గా పద్నాలుగు నెలలు నిన్ను నెలకు రెండు సినిమాలకు నేనే తోల్కపోయిన. గదీ అబద్ధమేనా?" అన్నావు.

పక్కింటి స్వీటీ గోడ మీది నుంచి "ఏంది అమ్మమ్మా గీ లొల్లి?" అని గట్టిగా అడిగితే, "యాభై ఏండ్ల కింది సినిమా లొల్లి బిడ్డా, నీకు సమజ్ కాదు" అన్నావు. తరువాత నా దిక్కు తిరిగి వేలు చూపించావు. "రాజమణీ, సినిమాను చూసి పిల్లకు చెప్తున్నవా, పిల్లను చూసి చెప్తున్నవా?" అని, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయావు. నాకు కోపం వచ్చింది.

నిన్న పదకొండింటికి అంజన్, వాళ్ళ నాన్న కృష్ణయ్య వచ్చారు. టీవీ ఆపడం మరిచిపోయాను. ఆ తొమ్మిదింటిలోదే ఒకటి నడుస్తూ చివరికి వచ్చింది. కృష్ణయ్య మాట మధ్యలో ఆపి అటే చూడసాగాడు. భార్య కాళ్ళ మీద పడగానే దస్తీ తీసి కళ్ళు ఒత్తుకున్నాడు.

"గా కాలం ఆడోళ్ళు దేవతలు, పెద్దమ్మా!"

కొడుకు ఫోన్ చూసుకుంటూనే తల ఊపాడు.

మూడు వారాలుగా నేను గింజుకుంటూ వెతుకుతున్న ఊరట ఆ మనిషికి కూర్చున్నచోటే, చాయ్ చల్లారేలోపే దొరికింది. ఆ చివరి రీలు ఎవరి కోసం తీశారో అప్పుడు తెలిసింది. మనం బర్రెల దగ్గరికి పరుగెత్తాక హాల్లో మిగిలేవాళ్ళ కోసం. నేను మాననన్నది కూడా గొడుగును చూసి కాదేమో. అనాలని నాకే ఉన్నది, నువ్వు ఒక సాకు ఇచ్చావు. మరి వెళ్ళమని హరిచందనకు చెప్పడానికి నాకు ఏ సాకు దొరికింది? భయం. దానికి తొమ్మిది సినిమాలు సాక్ష్యం తెచ్చుకున్నాను. పిల్ల ముఖం ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు.

టీవీ కట్టేశాను. కృష్ణయ్య ఉలిక్కిపడ్డాడు. "అయిపోలేదు గద పెద్దమ్మా?"

"అయిపోయింది. పిల్లను పంపను."

"మాట ఇచ్చిన్రు గద!"

"ఇచ్చిన. గలీజు మాట ఇచ్చిన. ఎనకకు తీసుకుంటున్న."

"పెద్దోళ్ళు మీరే గిట్ల మాట్లాడితే ఎట్ల నానమ్మా?" అన్నాడు అంజన్.

"నువ్వు చెయ్యి లేపిన తేదీలు రాసి పెట్టిన. మీ బాపు ముంగట చదవాల్నా?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తండ్రి గొంతు తగ్గించి, "మొగుడూ పెండ్లాలన్నంక ఒకటో రెండో అయితుంటయి, పెద్దమ్మా" అన్నాడు.

"ఒకటో రెండో కాదు. రెండు."

ఇద్దరూ లేచారు. వాళ్ళు తాగిన కప్పులు రెండుసార్లు తోమాను. అయినా వాటిని వాడబుద్ధి కాలేదు, అరుగు మీద పెట్టాను.

హరిచందన లోపలి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నేను తిరిగి చూసేసరికి ముఖంలో సంతోషం లేదు.

"నువ్వు పంపినా నేను పోయేదాన్ని కాదు నానమ్మా. శనివారమే హాస్టల్ మాట్లాడుకున్న. గని నువ్వు పొమ్మన్న మాట మాత్రం నాకు యాదుంటది."

"ఉండనీ," అన్నాను. వేరే ఏం అన్నా అబద్ధమయ్యేది.

పొద్దున డ్యూటీకి పోయింది. సాయంత్రం ఇక్కడికి వస్తుందో, హాస్టల్‌కు పోతుందో చెప్పలేదు. అడిగే ముఖం నాకు లేదు. ఆమె సంచీ గదిలోనే ఉంది. పక్కకు జరిపి ఊడ్చుదామని వెళ్ళి, జరపకుండానే తిరిగి వచ్చాను.

నీ
రాజమణి