ఆదివారం మేత

కొల్లేటికోట,
ఆగస్టు 3

చిరంజీవి ఇందుజకు ఏడుకొండలు మావయ్య దీవెనలు.

నా పేగులో గడ్డ తప్ప ఇక్కడ అందరం కులాసా. రెండు కీమోలు అయ్యాయి. మూడోది 18న, ఏలూరులో. బరువు ఇంకో రెండు కేజీలు తగ్గితే డోసు వాయిదా వేస్తామన్నారు డాక్టరుగారు.

అయినా మూడు రోజులుగా మజ్జిగ మీదే ఉన్నాను. మేత లేకపోతే కేన్సరు కణం తనను తానే తింటుందని నువ్వే చెప్పావు కదా. చెరువులో పట్టుబడికి ముందురోజు మేత ఆపుతాం. కడుపు ఖాళీ అయితేనే చేప లారీలో బతుకుతుంది. నాదీ అదే పద్ధతి. మీ అత్తయ్య నాగరత్నం పంతానికి రోజూ పులుసు కాచి నా ఎదుటే కూర్చుని తింటోంది.

ఇట్లు,
మావయ్య

తా.క. ఫోను చెరువులో పడింది. నువ్వు చేస్తే శీలావతి చేపలే ఎత్తాలి. అందుకే ఉత్తరం.

తాడేపల్లిగూడెం,
ఆగస్టు 6

మావయ్యగారికి ఇందుజ నమస్కారాలు.

ముందు అన్నం తినండి. మిగతాది తిన్నాక చదవండి.

నేను చెప్పింది సగమే విన్నారండీ. కణం తనను తాను తినేది చావడానికి కాదు, బతకడానికి. ఆటోఫజీ అంటే అదే. కణంలో ప్రోటీన్లు జట్లు కడతాయి. తిండి ఉన్నంతసేపూ మొదటి జట్టు రెండో జట్టును లేవనివ్వదు. తిండి ఆగిందంటే రెండోది లేస్తుంది. కణం తన పాత సామానే అరిగించుకుని నిలబడుతుంది. కేన్సరు కణం మందును తట్టుకోవడానికీ ఈ దారే వాడుకోగలదు. మీరు పస్తుంటే చిక్కిపోయేది మీరే.

ఇట్లు,
ఇందుజ

తా.క. నా గొడవ నాది. ల్యాబులో నేను పెంచే కేన్సరు కణాలకు కడుపునిండా పెట్టినా రెండో జట్టు లేస్తోంది, అదీ సోమవారాలే. ఆరు వారాలుగా ఇంతే. నెలాఖరుకు ఎందుకో తేల్చకపోతే థీసిస్ ఏడాది వెనక్కి పోతుందన్నారు మా ప్రొఫెసరు సత్యవాణిగారు.

కొల్లేటికోట,
ఆగస్టు 10

అమ్మాయ్ ఇందుజకు, మజ్జిగ మానేసిన మావయ్య రాసేది.

అర్థమైంది. మేత ఆగకూడదు. చెరువులో చిల్లుల సంచీకి తవుడు నింపి కర్రకు కడతాం, ఆకలైనప్పుడల్లా చేప వచ్చి తింటుంది. అలాంటి కొత్త సంచీ ఒకటి వసారాలో నా మంచం పైన కట్టించాను. ఉడికించిన గుడ్లు, సున్నుండలు, అరటిపళ్లు. రెండు గంటలకోసారి చెయ్యి పెడుతున్నాను. రెండో జట్టుకు లేచే సందే ఇవ్వను. చేపల కాటా ఎక్కి చూస్తే కేజీన్నర పెరిగాను. పక్క చెరువు జేమ్స్ వచ్చి, "ఏవండీ, మిమ్మల్ని ఎప్పుడు పడుతున్నారు?" అని అడిగి వెళ్లాడు.

ఇట్లు,
మావయ్య

తా.క. ఆదివారం మీ కణాలకు మేత ఎవరేస్తారు? ఇక్కడ చేపలకు మేత వేసే ఇమ్మానుయేలు చర్చికి వెళితే ఆ పూట నేనే వేస్తాను. లేకపోతే సోమవారం చేపలు గట్టెక్కి అడుగుతాయి.

తాడేపల్లిగూడెం,
ఆగస్టు 25

మావయ్యగారికి, తల వంచుకుని ఇందుజ రాసేది.

అత్తయ్య ఉత్తరం అందింది. 18న బరువు చూసి డాక్టరుగారు డోసు పూర్తిగా ఇచ్చారట. స్కానులో గడ్డ సగానికి తగ్గిందట. తగ్గించింది మందు. మందు ఆగకుండా చూసింది మీ సంచీ.

ఇక మీ ప్రశ్నకు జవాబు. ఆదివారం మా కణాలకు మేత ఎవరూ వేయరు. శనివారం మధ్యాహ్నం వేసేసి, నేను పెంటపాడు వెళ్లి అమ్మ చేతి భోజనం తింటాను. పస్తుండొద్దని మీకు ఉత్తరం రాసిన నేనే ఆరు వారాలు వాటిని పస్తు పెట్టాను. ఈ రెండు ఆదివారాలూ ల్యాబులోనే ఉండిపోయి కొత్త మేత వేశాను. రెండు సోమవారాలూ రెండో జట్టు లేవలేదు. థీసిస్ నెలాఖరుకే ఇస్తున్నాను.

మీ మేనకోడలు,
ఇందుజ

తా.క. థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు మీదే. ఈ ఏడుకొండలుగారు ఏ యూనివర్సిటీ అని సత్యవాణిగారు అడిగారు. పదెకరాల చెరువండీ అన్నాను. ఓపిక ఉన్నప్పుడు మిమ్మల్ని ల్యాబుకు తీసుకురమ్మన్నారు. ఆదివారమే, మేత వేళకు.