శుక్రవారం పూట తెగే లైను

సంబంధిత అధికారులకు, వారు ఎవరైనను, ఎక్కడ ఉన్నను: తమకు పెట్టుకున్న ఫిర్యాదులకు ఇంతవరకు జవాబు రానందున, ఈ వ్యవహారాన్ని ఇకపై మా అక్క పరిశీలనకు బదిలీ చేస్తున్నానని తెలియజేయడమైనది.

అక్కా,

ఏర్పేడు నుంచి నీ తమ్ముడి నమస్కారాలు. నేను బాగున్నాను. నీవు, నాయన, కాణిపాకం గుడి ముందు మన పటాల అంగడి కుశలమని తలుస్తాను. నాయన మోకాలికి నూనె రాస్తున్నావా?

ఇంట్లో కూర్చుని పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పడానికి మన ఊళ్లో సిగ్నల్ చాలలేదు. పెద్ద చదువుల సంస్థ ఉన్నచోట ఇంటర్నెట్ కూడా చదువుకుని ఉంటుందని నమ్మి ఇక్కడికి మారాను. ఆ లక్షణాలు ఇంకా కనబడలేదు. ఎండ మన ఊరిదే. మాట్లాడే మనుషులు తక్కువ. భోజనానికి లోటు లేదు. కింద ఉండే ఇంటి యజమాని మునెమ్మవ్వ అప్పుడప్పుడు సంగటి, పప్పు ఇస్తుంది. దిగులు పడవద్దు.

విషయమేమనగా, పాఠం మధ్యలో లైను తెగుతోంది. వచ్చే శుక్రవారం ఉదయం నా పాఠాన్ని మా కంపెనీ పైవాళ్లు స్వయంగా చూస్తారు. ఆ రోజూ ఆగిపోతే నన్ను కొనసాగించబోమని రాతపూర్వకంగా తెలిపారు.

మోడెం ఆపి మళ్లీ పెట్టి చూశాను. వైరు మార్చాను. కేబుల్ మణి మూడుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ లైను చక్కగా నడిచింది. "లైను బాగుండాది సార్, మీకే ఓపిక లేదు" అని తీర్పు చెప్పి వెళ్లాడు. అప్పుడు తెగిన వేళలన్నీ నోటుబుక్కులో రాశాను. అన్నీ శుక్రవారాలే. ఉదయం తెగి, ఎండ ముదిరాక బాగవుతుంది.

మొన్న శుక్రవారం తెగిన వెంటనే మెట్లు దిగాను. అవ్వ వాకిట గోడకు వైర్లు కలిసే చిన్న పెట్టె ఉంది. అవ్వ దాని మీద చెంబుతో నీళ్లు పోసి, తుడిచి, పసుపు రాస్తోంది. ఆ పసుపును నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మన ఇళ్లలో పసుపు లేని గోడ ఏది? అందుచేత అనుమానించలేదు.

"నీ ఉద్యోగం ఈ పెట్టెలోనే ఉండాదని నువ్వే సెప్తివి గదా నాయనా," అంది అవ్వ. "అందుకే ప్రతి శుక్రవారం కడిగి బొట్టు పెడతా ఉండా. శానా తిప్పలు పడతా ఉండావని పోయిన వారం ఇంకో సెంబు పోసినా."

నీళ్లు లేకుండా బొట్టు పెట్టవచ్చునేమోనని సవినయంగా సూచించాను. "కడగకుండా బొట్టు ఎట్ట పెడతారప్పా? ఎవురు నేర్పినారు నీకు?" అని అడిగింది. మన అమ్మ పేరు చెప్పే ధైర్యం లేక మణిని పిలిపించాను. పెట్టెను పైకి మార్చమంటే మణి చెప్పులు విప్పి దూరంగా నిలబడ్డాడు. "బొట్టు పెట్టినదాన్ని నేను పీకను సార్" అన్నాడు.

ఈ ఊళ్లో నా ఉద్యోగం నిలవాలని నీళ్లు మోసిన మనిషి ఆమె ఒక్కతే. వద్దని చెప్పడం నా వల్ల కాదు.

నాయనకు, పెద్దమ్మకు నా నమస్కారాలు. మీ ఆశీస్సులు కోరుతున్నాను. ఆరోగ్యం బాగుంది, మళ్లీ చెబుతున్నాను, దిగులు పడవద్దు.

ఇట్లు,
నీ తమ్ముడు శీనయ్య

అభ్యర్థన సంఖ్య 1: మన అంగడి నుంచి వరసిద్ధి వినాయకుని పటం ఒకటి, వచ్చే గురువారం లోపల బస్సులో పంపవలెను. అద్దం గట్టిగా బిగించినదై ఉండవలెను, నీళ్లు దానికీ తప్పవు. పెట్టెకు నాలుగు మూరల దూరంలో దాన్ని తగిలించెదను. శుక్రవారం నుంచి నా ఉద్యోగం ఆ పటంలో ఉన్నదని అవ్వకు విన్నవించెదను.