పైపు లేని ఫొటో

గణేష్‌బాబుకి పెద్దక్క దీవెనలు.

ఇకమీదట పెళ్లికార్డులు, షాపుల బోర్డులే డిజైన్ చేస్తానని, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు ఒప్పుకోనని రాశావు. "ఏడుస్తూ వచ్చేవాళ్లని చూడలేకపోతున్నానక్కా" అన్నావు. నిజమే నాన్నా.

మీ బావగారు పోయినప్పుడు ఆసుపత్రిలో తీసిన ఫొటో తప్ప ఇటీవలది ఒక్కటీ దొరకలేదు. నువ్వు ఆ ముక్కుకున్న పైపు తీసేసి, కండువా వేసి, పెద్దకర్మనాడు ఫ్లెక్సీలో ఆయన్ని మామూలు మనిషిలా నిలబెట్టావు. దీపం పెట్టేటప్పుడు ఇప్పటికీ నాకు ఆ మొహమే కనిపిస్తుంది. ఆ పని మానకురా.

సోమవారం నన్ను రాజమండ్రిలో ఆపరేషన్‌కి చేర్చుకుంటారు. కంగారుపడకు, దేవుడున్నాడు. కొవ్వూరు స్టూడియోలో తీయించుకున్న నా ఫొటో ఈ కవరులో పెట్టాను. దాచి ఉంచు. దాని అవసరం రాకూడదనే మొక్కుకున్నాను. ఒకవేళ వస్తే, నువ్వు తీసేయాల్సిన పైపు ఇందులో లేదు.

మీ అక్క