ముల్లున్న తాయెత్తు

జూన్ 3
ఇంట్లో తెలుగు అక్షరాలు చదవగలిగేది నేనొక్కతెనే. మిగతావాళ్ళకి మాటే తెలుగు, చదువంతా తమిళం; నాకిది హాస్టల్లో యానాం రూమ్మేట్ నేర్పిన విద్య. డైరీకి ఇంతకన్నా మంచి తాళం ఏ కంపెనీ చెయ్యలేదు. కాబట్టి నిర్భయంగా— పదిహేనో తేదీ అన్న కూతురికి మొలతాడు కడతారు. దానికి వేలాడాల్సిన తాయెత్తును తోమే బాధ్యత మేనత్తగారిది, అంటే నాది. ఎం.ఏ. చదివినందుకు దక్కిన గౌరవం.

జూన్ 4
చింతపండు పెట్టి తోమా. చిటికెనవేలి కణుపంత ఇత్తడి గొట్టం. ఒక కొస నల్లగా మూసుకుపోయి ఉంది. రెండో కొస దగ్గర, పక్కకి, ముల్లులా ఒక ఇత్తడి పుల్ల. దారం కట్టడానికే అనుకున్నాం ఇన్నేళ్ళూ. నాన్న, అన్న, నేను— అందరం కట్టుకు తిరిగినవాళ్ళమే. తోమేకొద్దీ అడుగున అక్షరాలు తేలాయి. ఏ సామి పేరో అనుకున్నా. ఇంగ్లీషు అక్షరాల్లో పారిస్.

జూన్ 5
పక్కింటి సొల్దా తాతకి చూపించా. సొల్దా అంటే ఫ్రెంచిలో సిపాయి. ఫ్రెంచి సైన్యంలో చేసి, ఇప్పటికీ వాళ్ళ పెన్షన్‌తో మా ఉప్పళం పేటలో దర్జాగా బతుకుతున్న మనిషి. అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆ తరవాత ఎగరెయ్యలేదు. మెల్లగా బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
"యాడిది మే ఇది?"
"నా మొలది, తాతా."
నవ్వలేదు. "ఇది తాయెత్తు గాదు. రివాల్వర్ తూటా. లోపల మందుందో లేదో ఆ దేవుడికే తెలియాల."
ఇసక బకెట్లో పెట్టి మేడ మీద దాచాం.

జూన్ 6
తాత పాఠం, గుర్తున్నంత. ఈ రకం తూటా రాకముందు మందు వేరు, గుండు వేరు, నిప్పు వేరు. వానలో యుద్ధమంటే తడి కట్టెలతో పొయ్యి రాజేసినంత అవస్థ. పారిస్‌లో ఎవరో పనిమంతుడు మూడింటినీ ఒకే గొట్టంలో పెట్టాడు. ముల్లు కింద, లోపల, దీపావళి తుపాకీ బిళ్ళలాంటిది ఉంటుంది. రివాల్వర్ సుత్తి పైనుంచి ముల్లును కొడితే అది దిగి బిళ్ళను గుద్దుతుంది... నిప్పు. ఇత్తడి ఉబ్బి, పొగ వెనక్కి రాకుండా బిగుసుకుంటుంది. తిరిగే చక్రంలో ఒక్కో తూటా ముల్లుకీ ఒక్కో గాడి. నగ చేసినంత శ్రద్ధ.
ఒకటే లోపం. పేలడానికి రివాల్వర్ అక్కర్లేదు— ముల్లు మీద గట్టి దెబ్బ పడితే చాలు. అందుకే ఆ రకం మూలబడిందట. ఆ కబురు మా ఇంటికి చేరలేదు.
అన్న చిన్నప్పుడు మొలలో దీనితోనే ప్రహరీ గోడ మీంచి దూకేవాడు.

జూన్ 7
అవ్వకి చెప్పాం.
"తూటా అయితే ఏంది? కట్టినోళ్ళంతా నిలిచినారు. మీ నాయనకి ముందు పుట్టిన బిడ్డకి కట్టలే. కాన్పుకి పుట్టింటికి, విల్లియనూరు పోతా ఇది మర్చిపోయింటి. నెల తిరగలే, బిడ్డ పోయె. నా తప్పే."
వదిన పాపను హత్తుకుని లోపలికెళ్ళిపోయింది. "అది నా బిడ్డ ఒంటి మీద పడకూడదు." అవ్వకి వినపడాలనే అంది.
నాకు ఒక్క జోకూ తట్టలేదు. ఇదీ నమోదు చెయ్యాల్సిన సంగతే.

జూన్ 9
స్టేషన్‌కి ఫోన్ చేస్తే, ముట్టుకోవద్దు మేమే వస్తామన్నారు. ఇసక బకెట్లో కొలువుదీరిన మా వంశరక్షకుణ్ణి జీపెక్కించారు. వీధంతా చూసింది. అవ్వ వాకిట్లో నిలబడి జీపుకి దండం పెట్టింది.

జూన్ 10
ఫోన్ రాలేదు.

జూన్ 11
రాలేదు. అవ్వ అన్నం సగం వదిలేస్తోంది.

జూన్ 12
ఖాళీ. ఖాళీ. ఖాళీ.
మందు లేదు, బిళ్ళ లేదు. ముల్లు ఉత్త గాలి మీద నిలబడి ఉంది. నల్లగా మూసింది సీసపు గుండు కాదు, లక్క. లక్క వెనక సన్నని రాగిరేకు చుట్ట. అంచున ఏదో మంత్రంలా ఉంది, విప్పితే విరుగుతుందేమో, మీరే చూసుకోండంటూ సంతకం పెట్టించుకుని ఇచ్చేశారు. స్టేషన్ మెట్ల మీదే కూచుని నవ్వా.

జూన్ 13
రేకు విప్పాం. తెలుగు. అందరూ నా చుట్టూ. జన్మలో మొదటిసారి నా చదువుకి ఇంత జనం.
"ఏ సామి మంత్రం మే?" అవ్వ.
ఉన్నది ఉన్నట్టు చదివా— 'మందు తీసేసినాను. గుండు తీసేసినాను. బిడ్డకు కట్టవచ్చు. భయం లేదు.'
ముత్తాతో, ఆయన తాతో. ఎంత జాగ్రత్తపరుడు. చేసిన పొరపాటు ఒక్కటే, భయం లేదనే చీటీని లోపలపెట్టి లక్కతో మూసేశాడు.
వదిన ఏడుస్తూ నవ్వింది. "ముల్లు తీయించండి, కడదాం." అవ్వ మూడుసార్లు చదివించుకుంది.

జూన్ 14
కంసాలి ఆచారి ముల్లు పీకి, ఆ చోట రింగు పెట్టాడు. నిన్న విప్పినప్పుడు పాత రేకు మడత దగ్గర విరిగింది. కొత్తది కత్తిరించిచ్చి, రాసి తెమ్మన్నాడు. సాయంత్రం నుంచీ మేకుతో గీరుతున్నా. కొత్తది మరీ చిన్నది, చివరి మాటకే, 'భయం లేదు'కే చోటు.
అవ్వ వచ్చి పక్కన కూచుంది.
"లోపల మంత్రం ఏమీ లేకపోయె గదా మే."
"లేదవ్వా."
"అయితే ఆ బిడ్డకి కట్టకపోయింది..."
'భయం' దాకా గీరా. మేకు ఆగింది. "నీ తప్పు కాదవ్వా."
అవ్వ రేకు మీదికి వంగింది. "ఎందాకా రాసినావు?"
"భయం దాకా."
"ఆడ ఆపొద్దు. మిగతాది రాయి."