అలకపాన్పు మీద అల్లుడుగారు

బందరు

చి. సౌ. శేషారత్నానికి ఆశీస్సులు. నా ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకు. మా జమీందారుగారి కొత్తల్లుడు దీపావళికొచ్చి అలకపాన్పెక్కారు. మోటారుకారే అడుగుతాడని మావగారు ముందే తెప్పించి గుమ్మంలో నిలబెట్టారు. ఆయన దానివంకైనా చూడలేదు. “ఇక్కడున్నన్నాళ్లూ మీ అమ్మాయి నా పక్కన కూర్చుని భోంచెయ్యాలండీ” అన్నారు! మనింట్లోలాగే ఇక్కడా మగవాళ్లు లేచాకే ఆడవాళ్ల భోజనం. జమీందారుగారు కాసేపు మీసం దువ్వుకుని, “అయితే మీ అత్తగారికీ నా పక్కన పీట వెయ్యమనండి” అన్నారు. పాపం, ఆవిడ సిగ్గుతో పప్పన్నంలో నెయ్యికి బదులు మజ్జిగ పోసుకున్నారు. దొరలంటే దొరలే సుమా!

అమ్మకి దగ్గు తగ్గిందా? గేదె ఈనిందా? శనివారం పడవకి కోడూరు వస్తున్నాను. రెండు పీటలు వెయ్యి. ఈ ఒక్క మాటా అమ్మకి చదివి వినిపించకు.

ఇట్లు నీ భర్త, పురుషోత్తం