హీటర్ తీశాకే టబ్బులో దిగు

బాపూ,

ఫస్టు షిఫ్టు నుంచి వచ్చాక నడుం ఎంత లాగుతున్నా, రాగానే టబ్బులో దిగకు. ముందు స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, హీటర్ రాడ్డును బయటపెట్టు. ఆ తర్వాతే నీళ్లు ముట్టుకో. మోచెయ్యి ఓర్చుకోలేనంత వేడిగా ఉంటే చన్నీళ్లు కలుపు. పది నిమిషాలు చాలు. నీకు బీపీ ఉంది, లేచేటప్పుడు మెల్లగా లే. తలుపుకు గడియ పెట్టకు, అమ్మ బయటే కూర్చుంటుంది.

నిన్న హీటర్ నడుస్తుండగానే నీళ్లలో వేలు ముంచబోయావు. నేను అరిచి ప్లగ్గు లాగేస్తే, "గనిల ఎన్ని గండాలు చూసిన బిడ్డా, గీ తొట్టి నన్నేం జేస్తది?" అని నవ్వావు. నాకు నవ్వు రాలేదు. గనిలో సర్దార్‌గా పైకప్పును కట్టెతో కొట్టి, చప్పుడును బట్టి గట్టిగా ఉందని తేలాకగానీ నువ్వు ఒక్క మనిషినీ లోపలికి పోనివ్వవు. "ఎల్లేశం సర్దార్ ఉంటే మాకు ఫికరే లేదు" అని నీతో గనిలో దిగే వీరేందర్ కాక అన్న మాట కాలేజీలో అందరికీ చెప్పుకుంటాను. ఇరవై ఆరేళ్లుగా నీ వెంట దిగినవాళ్లంతా క్షేమంగా పైకి వచ్చారు. వాళ్లలో నువ్వూ ఒకడివి, మర్చిపోకు.

ఎలక్ట్రికల్ ప్రాక్టికల్స్‌కు మంచిర్యాల పోతున్నాను. సాయంత్రం వస్తాను.

యమున

ఇంకో మాట. వైరూ ప్లగ్గూ పొద్దున విప్పి చూశాను, బాగానే ఉన్నాయి. పని మొదలయ్యే ముందు నువ్వు గనిలో పరీక్షించిన చోట సుద్దతో తేదీ వేసి సంతకం పెట్టినట్టే, టబ్బు పక్క గోడ మీద నేనూ పెట్టాను. సర్దార్ బిడ్డ చూసిన టబ్బు అది. నిశ్చింతగా నడుముకు కాపడం పెట్టుకో.